తెరమీది క్రీస్తు, వాక్యంలోని క్రీస్తు

2025 నవంబరు 15న పోప్ 14వ లియో సినీ కళాకారులను వాటికన్‌కు పిలిచి మాట్లాడారు. క్యాథలిక్కులకు ఇది కొత్త కాదు. రెండవ వాటికన్ మహాసభ 1963లోనే పత్రికలు, సినిమా, రేడియోల గురించి ప్రత్యేకంగా ఒక డిక్రీ వెలువరించింది. బొమ్మతో కూడా భక్తిని నేర్పడం వారి సంప్రదాయం. మన దారి వేరు. 1841లో బందరు వచ్చిన రాబర్ట్ నోబుల్ బడి పెట్టి పుస్తకం చేతికిచ్చాడు. వినడం వలన విశ్వాసం కలుగుతుందన్నదే (రోమా 10:17) మనకు పునాది.

అలాగని బొమ్మను కొట్టిపారేయగలమా? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. వేలమంది పోయారు. మరుసటి ఏడాది డిసెంబరులో విజయచందర్ నటించిన ‘కరుణామయుడు’ వచ్చింది. గుడివాడలో మా నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను. ఉప్పెనలో చెల్లెలిని పోగొట్టుకున్న ఆమె, ప్రభువు సిలువ మోస్తుంటే “ఈయనకీ ఇంత కష్టమా నాయనా” అని ఏడ్చింది. చదువురాని ఆమెకు ప్రసంగాలు చెప్పలేనిది ఆ తెర చెప్పింది. ఆ చిత్రం స్క్రీన్‌ప్లేలో ఫ్రాన్సిస్కన్ గురువు క్రిస్టఫర్ కొయెల్హో పాలుంది. ‘దయాసాగర్’గా హిందీలోకి మారాక దాన్ని ఊరూరా చూపించింది మాత్రం ప్రొటెస్టెంటు సువార్తికులే!

అయితే మెలకువ అవసరం. మెల్ గిబ్సన్ 2004లో విడుదల చేసిన ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’లో ఒక స్త్రీ ప్రభువుకు ముఖం తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తుంది. అది ఏ సువార్తలో ఉందని మా సంఘంలోని ఒక యువకుడు నన్నడిగాడు. నాలుగింటిలోనూ లేదు. అది క్యాథలిక్కుల సిలువమార్గ భక్తిలోని వెరోనికా కథ. ఆ చిత్రానికి కొనసాగింపును రెండు భాగాలుగా విడుదల చేస్తామని ప్రకటించారు. ఈలోగా కృత్రిమ మేధతో చేసిన వీడియోలు ప్రభువు ఎన్నడూ పలకని మాటలను ఆయన నోట పలికిస్తూ మన ఫోన్లలోకి వస్తున్నాయి.

ఇందుకు క్యాథలిక్ సోదరులను తప్పుపట్టి లాభం లేదు. వెరోనికా కథ తమ సంప్రదాయంలోనిదని వారు దాచలేదు. బైబిలు చేతిలో ఉండి చదవని మనమే మోసపోతున్నాం. బెరయవారు పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొ. 17:11). తెరను సరిచూసుకోకుండా మనం నమ్మవచ్చా?

శుభ శుక్రవారం మందిరంలో సినిమా వేయండి, తప్పులేదు. ముగిశాక దీపాలు వెలిగించి, అదే ఘట్టాన్ని సువార్తలోంచి పిల్లల చేత చదివించండి. ఏది వాక్యమో, ఏది కల్పనో వారే చెబుతారు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మా నాన్న లూకా 23వ అధ్యాయం చదివి నాయనమ్మకు వినిపించారు. తెర ఆమెను ఏడిపించింది. వాక్యం ఆమెను ఓదార్చింది.