మర్రిచెట్టుకు రెండు మార్కులా?

‘ఈ పాఠంలో మర్రిచెట్టు దేనికి ప్రతీక?’ ఇలాంటి ప్రశ్న రాయకుండా తెలుగు బడి దాటి వచ్చినవాళ్లు తక్కువ. గైడులో జవాబు సిద్ధంగా ఉంటుంది: ఉమ్మడి కుటుంబానికి ప్రతీక. పిల్లవాడు రాస్తాడు, పంతులు టిక్కు పెడతాడు, రెండు మార్కులు పడతాయి. ఆ ప్రశ్న మీద నాకు పట్టలేని కోపం. సాహిత్యాన్ని చంపినందుకే అయితే సరిపెట్టుకునేవాణ్ణేమో. అది నేర్పిన అలవాటు బడి గేటు దాటి, ఇవాళ హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద గొడ్డలి పట్టుకుని నిలబడింది.

ఆ దారిలోని ఎంకపల్లి లాంటి ఊళ్లవాళ్లు పట్నం పోవాలన్నా, చేవెళ్ల పోవాలన్నా ఆ రోడ్డు ఎక్కాల్సిందే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. పొడవునా రెండు పక్కలా నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు, దాదాపు 900. నాలుగు వరుసల రోడ్డు కోసం వీటిని తీసేస్తామన్నారు. చెట్లను ప్రేమించేవాళ్లు జాతీయ హరిత ట్రైబ్యునల్ తలుపు తట్టారు. ఏళ్ల తరబడి వాదులాట సాగింది. మర్రి మన జాతీయ వృక్షమని ఒకటో తరగతి నుంచి పిల్లలతో వల్లె వేయించే దేశంలో, ఒక మర్రి బతకడానికి వకీలు కావాల్సి వచ్చింది.

ఆ వరుసలో ఏదో ఒక చెట్టు దగ్గర బండి ఆపి చూడండి. మొదలు చుట్టూ రంగు పట్టీ. దాని పైన మేకులు కొట్టి బిగించిన రేకు బోర్డు. ప్లాట్లు అమ్మే వెంచర్‌ది. ఆ వెంచర్ గుర్తు ఏమిటో తెలుసా? పచ్చటి చెట్టు బొమ్మ. మేకు దిగినచోట పాలు కారి, ఎండి, నల్లగా గట్టిపడి ఉంటాయి. రోడ్డు వైపు ఊడల్ని లారీ ఎత్తున నరికేసి ఉంటారు. నేలకు దిగి కొత్త మాను కావాల్సిన ఊడలు మొండి వేళ్లలా గాలిలో వేలాడుతుంటాయి. బొమ్మచెట్టును నిలబెట్టడానికి నిజం చెట్టుకు మేకు కొట్టగలిగామంటే, ప్రతీక అంటే ఏమిటో మనకు ఎంత తప్పుగా నేర్పారో అర్థం చేసుకోండి.

మనకు నేర్పింది ఇది: ప్రతీక ఒక తాళం, అర్థం దాని లోపలి సరుకు. తాళం తీసి సరుకు తీసుకున్నాక తాళంతో పనేముంది? మర్రి అంటే సంస్కృతి అని తెలిసిపోయింది కదా, ఇక మర్రి ఎందుకు? సంస్కృతి గురించి సభ పెట్టుకుంటాం, చెట్టు కొట్టేసుకుంటాం.

తొమ్మిదో శతాబ్దంలోనే కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని గురించి తలలు పగిలేలా వాదించాడు. కావ్యంలో పైకి చెప్పినదానికి మించి ఒకటి స్ఫురిస్తుందని, అదే కావ్యానికి ప్రాణమని చెప్పాడు. ఆ స్ఫురించేదాన్ని విడిగా తీసి చీటీ మీద రాసుకోవచ్చని మాత్రం ఆయన అనలేదు. 1886లో పారిస్‌లో జాన్ మొరెయాస్ ప్రతీకవాదుల ప్రకటన అచ్చు వేయించినప్పుడు కూడా తిరగబడింది నేరుగా పాఠం చెప్పే కవిత్వం మీదనే. మనస్తత్వశాస్త్రంలోనూ ఇదే తగాదా. 1900 నాటి కలల పుస్తకంలో ఫ్రాయిడ్ కల ముడి విప్పే ఆధారాన్ని కల కన్నవాడి జ్ఞాపకాల్లోనే వెతికాడు. మన పంచాంగాల వెనక ఉండే స్వప్నఫలాల పట్టిక లాంటిది ఆయన ఇవ్వలేదు. యూంగ్ ఇంకా గట్టిగా గీత గీశాడు: తెలిసిన విషయానికి పెట్టుకున్న గుర్తు వేరు, ఇంకా పూర్తిగా తెలియనిదాన్ని పట్టుకోవడానికి మనసు వేసే అడుగు వేరు, రెండోదే ప్రతీక. అర్థం మొత్తం తేలిపోయిన రోజు అది చచ్చిందన్న మాటే. మన గైడులు ప్రతి ఏడాదీ చేసే పని ఆ చంపడమే.

మర్రికి ఒకే అర్థం ఉందా? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. తిమ్మమ్మ మొగుడి చితిలో కాలిపోయిందని, ఆ చితికి పాతిన గుంజే చిగురించి ఈ చెట్టయిందని చెబుతారు. పిల్లలు లేనివాళ్లు అక్కడికే వెళ్లి మొక్కుకుంటారు. ఒక ఆడమనిషిని కాల్చిన చోట మరో ఆడమనిషి కడుపు పండాలని వేడుకుంటుంది. దీన్ని రెండు మార్కుల జవాబులో ఎక్కడ ఇరికిస్తారు? నిర్మల్‌లో 1860లో, బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండుతో పాటు వెయ్యి మందిని ఉరి తీశారని జనం చెప్పుకునే వెయ్యి ఉరుల మర్రి ఉండేది. దాని ఊడల్లో ఉమ్మడి కుటుంబం కనిపిస్తుందా? మన చేలగట్ల మీదికి రండి. పిట్ట రెట్టలో పడ్డ గింజ తాటి మట్టల మధ్య మొలిచి, వేళ్లు కిందికి దింపి, తాటిని చుట్టుకుని, చివరికి దాన్ని మింగేస్తుంది. నీడ ఇచ్చేదీ మర్రే, ఊపిరి తీసేదీ మర్రే. ఇంట్లో పెద్దవాళ్ల పెత్తనం కింద పెరిగిన ఎవరికైనా ఈ రెండూ ఒకే చెట్టులో ఎలా ఇముడుతాయో విడమర్చి చెప్పక్కర్లేదు.

వేమన మేడిపండు లోపలి పురుగుల్ని పిరికివాడి బింకానికి పోలిక చేశాడు. మేడి, మర్రి ఒకే జాతి. ఆ పోలిక నిలబడిందంటే ఆయన పండు విప్పి చూశాడు కనక. మర్రిపండు విప్పితే లోపలంతా సన్నటి పూలు, వాటి మధ్య కందిరీగ జాతి చిన్న పురుగు. అది లోపలికి దూరి పుప్పొడి మోస్తేనే గింజ కడుతుంది. తల్లి పురుగు ఆ పండులోనే ప్రాణం విడుస్తుంది. ఇది తెలిసిన కవి మర్రి మీద కొత్త పద్యం రాయగలడు. గైడు చదివినవాడు పాత జవాబే రాస్తాడు.

పాలపిట్ట సంగతీ అంతే. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు దాన్ని చూస్తే శుభం. అందుకని దాన్ని పట్టుకుని, కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు పూసి, పంజరంలో పెట్టి వీధి వీధి తిప్పి డబ్బులు దండుకుంటారు. మనం పది రూపాయలిచ్చి శుభం కొనుక్కుంటాం. పొలం మీద ఎగిరే నీలం రెక్కలోంచే ఆ శుభం పుట్టిందన్న ఎరుక ఎప్పుడో పోయింది.

ఇక మళ్లీ ఆ బీజాపూర్ రోడ్డు మీదికి రండి. 2025 నవంబర్ 3. చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. వాళ్లలో కాలేజీకి పోతున్న ఆడపిల్లలున్నారు. రోజులు తిరక్కుండానే నేరం మర్రిచెట్ల మీదికి, వాటి కోసం కోర్టుకెళ్లినవాళ్ల మీదికి మళ్లింది. నిన్నటిదాకా తల్లి అనిపించుకున్న చెట్టు హంతకురాలు అయింది. మనసు తన భయాన్నీ తన తప్పునూ ఎదుట ఉన్నదాని మీద రుద్దుతుందని యూంగ్ చెప్పింది ఇదే. టిప్పర్ల మీద ఎంత బరువు ఎక్కిస్తున్నారు, ఎంత వేగంతో నడిపిస్తున్నారు, ఇన్నేళ్లుగా రోడ్డు ఎందుకు ఇట్లా ఉంది అని అడిగితే మనుషులు జవాబు చెప్పాలి. చెట్టును అడిగితే అది మాట్లాడదు. చెట్టును దేవత అని మొక్కినవాళ్లు కూడా, పోయిన ప్రాణాల ముందు ఆ దేవత మాటే మళ్లీ ఎత్తితే, వాళ్లూ చెట్టును చూడనట్టే.

రోడ్డు వెడల్పు కావాల్సిందే. తాండూరు, వికారాబాద్, చేవెళ్ల జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ప్రయాణం చేయకూడదు. చెట్ల వరుసను నడుమ ఉంచి అవతల కొత్త దారి వేయగల చోట వేయాలి. నిజంగా కదిలించక తప్పని చెట్టు ఏదో, ఏ ఊరి పొలిమేరలో ఉందో, దాన్ని ఎక్కడ తిరిగి నాటుతారో, రెండేళ్ల పాటు నీళ్లు ఎవరు పోస్తారో రాసి ప్రతి పంచాయతీ గోడకూ అంటించాలి. మేకులు పీకించి బోర్డుల వాళ్ల దగ్గర జరిమానా వసూలు చేయాలి. ఇక తెలుగు పంతుళ్లకు నా మాట: ఆ రెండు మార్కుల ప్రశ్న కొట్టేయండి. పిల్లల్ని చెట్టు కిందికి తీసుకుపోయి, పండు విప్పించి, ఊడ పట్టి చూపించి, ఏం కనిపించిందో పది వాక్యాలు రాయమనండి. జవాబు గైడులో లేదని తల్లిదండ్రులు గొడవకు వస్తే, వాళ్లను కూడా ఆ చెట్టు కిందికే తీసుకుపోండి.