వెయ్యి మైళ్ళ రైలుదారి, ఒక నీలి నోటు

మధ్యతరగతి కుటుంబం తక్కువ ఖర్చుతో ఒక పరాయి దేశాన్ని ఈ చివర నుండి ఆ చివర వరకు చూచి రాగలదా అని కొందరు పాఠకులు అడిగారు. రాగలదు. మేము ఈ వేసవిలోనే వెళ్ళి వచ్చాము. అయితే ఖర్చుల పట్టికతో పాటు, ఆ పట్టికలోకి ఎక్కని ఒక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. అది దాచి లెక్కలు మాత్రమే వ్రాస్తే నిజాయితీ అనిపించుకోదు.

వెళ్ళినది ముగ్గురము: మేమిద్దరము, మా పెద్దమ్మాయి. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఆమె ఆగస్టులో హాస్టలుకు వెళ్ళిపోతుంది. ఆ లోగా ఆమెతో కొన్ని రోజులు తీరికగా గడపాలన్నదే అసలు ఉద్దేశ్యం. దేశంగా వియత్నాంను ఎంచుకొన్నాము. ఎలక్ట్రానిక్ వీసా మనిషికి 25 డాలర్లు; 90 రోజుల వరకు గడువు ఉంటుంది. దేశం పొడవునా రైలు ఉన్నది. పటంలో ఆ దేశం ఆకారాన్ని అక్కడివారు కావడితో పోల్చుతారు. ఉత్తరాన ఒక వరి బుట్ట, దక్షిణాన ఒక వరి బుట్ట, మధ్య సన్నని కావడిబద్ద. కావడి మోసిన తాతలున్న మనకు ఆ పోలిక వివరించనక్కరలేదు.

నియమాలు కొన్ని పెట్టుకొన్నాము. తలకొక వీపుసంచి, అంతే. దేశం లోపల విమానం ఎక్కరాదు. ప్యాకేజీ టూరు వద్దు (గంట కొట్టి బస్సు దింపి, గంట కొట్టి బస్సు ఎక్కించే యాత్రల మీద మాకు మొదటి నుండి గౌరవం తక్కువ). విమాన చార్జీలు, వీసా పోగా, 14 రోజులకు ముగ్గురికీ కలిపి 65 వేల రూపాయలు. ఖజానా అమ్మాయికి అప్పగించాము. ఒక గుడ్డసంచి, ఒక నోటు పుస్తకం. హాస్టలులో డబ్బు చూసుకోవలసినది తానే కదా, ఇప్పటి నుండే అలవాటు కావాలని.

హనోయ్‌లో పాతనగరపు హాంగ్ లువోక్ వీధిలో నూర్ మసీదు ఉన్నది. 1890లో భారతీయ వర్తకులు కట్టించినది. జుమా నమాజుకు అక్కడికి వెళ్ళాము. పరాయి ఊరిలో మనవారు వేసిన పునాది మీద సజ్దా చేస్తున్నామన్న తలపు మనసును మెత్తబరచింది. భోజనం సంగతి అంత సులువు కాదు. పంది మాంసం సర్వసాధారణం. కూరలు వేయించే కొవ్వు కూడా దానిదే కావచ్చు. మమ్మల్ని కాపాడినది ఒక్క మాట: ‘చాయ్’. వీధిలో ఆ మాట వ్రాసిన బోర్డును చూచి తేనీరు దొరుకుతుందని లోపలికి వెళ్ళాము. తీరా చూస్తే ఆ భాషలో దాని అర్థం శాకాహారం! బౌద్ధులు చాంద్రమాసపు మొదటి రోజున, పదునైదవ రోజున మాంసం మానుతారు కనుక అటువంటి భోజనశాలలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. అన్నం, టోఫు, ఆకుకూరలు. కారం మాత్రం ఇంటి నుండి తెచ్చుకొన్న పొడితో సరిపెట్టుకొన్నాము.

ఇక ఆ సంగతి. వియత్నాం నాణెం డాంగ్. మేము వెళ్ళిన రోజులలో రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వచ్చేవి. అన్నీ వేలు, లక్షలే. పెద్ద నోట్లు ప్లాస్టిక్ వంటి పదార్థంతో చేసినవి. అన్నింటి మీదా హో చి మిన్ ముఖమే. వాటిలో 20,000 నోటు నీలం. 5,00,000 నోటూ దాదాపు నీలమే. మొదటిది మన 66 రూపాయలకు పైమాట. రెండవది 1,650 రూపాయలకు పైమాట, అనగా మా ముగ్గురి ఒకరోజు భోజనాల కంటె ఎక్కువ. మూడవనాటి సాయంత్రం, చీకటి పడుతున్న వేళ, సరస్సు దగ్గర అమ్మాయి మామిడిపండ్లు కొన్నది. రాత్రి బసలో లెక్క చూసుకొన్నప్పుడు తెలిసినది, ఇరవై వేల నోటు సంచిలోనే ఉన్నదని, అయిదు లక్షల నోటు లేదని.

మాలో ఒకరు, ఎవరో చెప్పనక్కరలేదు, భోజనాల గదిలో నలుగురు పరాయివారి ముందర, ‘‘ఇంత చదువు చదివించినది ఇందుకేనా? రేపు హాస్టలులో ఏం చేస్తావు?’’ అన్నారు. భాష తెలియకపోయినా గొంతు అందరికీ అర్థమవుతుంది. తలలు ఇటు తిరిగాయి. మాలో రెండవవారు ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఆ మాటకు సాక్ష్యం చెప్పడమే అయినది. అమ్మాయి గుడ్డసంచిని, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయినది.

మరునాటి రాత్రి హువే వెళ్ళే రైలెక్కాము. హనోయ్ నుండి సైగాన్ వరకు 1,726 కిలోమీటర్లు, మీటర్‌గేజి. సికింద్రాబాద్ నుండి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్ళిన పాత రైలును ఎరిగిన పెద్దలకు ఆ ఊగిసలాట గుర్తుండే ఉంటుంది. ఫ్రెంచివారు 1899లో మొదలుపెట్టిన ఈ మార్గం పూర్తి అయినది 1936లో. 1954లో దేశంతో పాటు దారి కూడా రెండుగా తెగినది. యుద్ధం ముగిసి, మళ్ళీ ఈ కొస నుండి ఆ కొసకు రైలు నడిచినది 1976 డిసెంబరు 31న. చెక్కబల్లల తరగతి అన్నింటికంటె చవక. రాత్రి ప్రయాణానికి మేము సలహా ఇవ్వము. ఆరు పడకల గదిలో అన్నింటికంటె పై పడక చవక, కాని అక్కడ కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది. అమ్మాయి ఆ పడకే కోరుకొన్నది. పెట్టె చివర వేడినీరు ఉచితం. క్రింది పడక అవ్వ లిచీ పండ్లు అందిస్తే ఆమెకు నవ్వుతూ రెండు చేతులా అందుకొన్నది. మాకు మాత్రం ‘‘ఆకలి లేదు, అమ్మీ’’ అన్న ఒక్క మాట. ఇషా కూర్చొనే ఖస్ర్ చేసుకొన్నాము. దుఆకు చేతులెత్తినప్పుడు నోట మాట రాలేదు. ఆమెతో గడపడానికే కదా ఇంత దూరం వచ్చినది!

హువే నుండి దానాంగ్ వరకు దారి ఈ ప్రయాణానికంతటికీ మకుటం. దక్షిణానికి పోయేవారు ఎడమవైపు కిటికీ అడగాలి. హాయ్‌వాన్ కనుమ దగ్గర కొండ అంచున, సొరంగాలలో దూరి బయటపడుతూ రైలు నెమ్మదిగా వెళుతుంటే, కాళ్ళ క్రింద సముద్రం. అందరూ చూచారు. ముగ్గురమూ వేరు వేరు కిటికీల నుండి చూచాము.

దానాంగ్ నుండి హోయ్ ఆన్‌కు రైలు లేదు, బస్సెక్కాము. ముగ్గురికి టిక్కెట్ల కోసం, ఇప్పుడు సంచి మోస్తున్నవారు, అనగా హనోయ్‌లో గొంతు పెంచినవారే, మూడు ఇరవైలు తీసి కండక్టరు చేతిలో పెట్టారు. అతడు వాటిని చూచి, పకపక నవ్వి, ఒక నోటును వెనక్కు ఇచ్చి, సంచిలో కనిపిస్తున్న మరొక నీలి నోటును వ్రేలితో చూపించాడు. తిరిగివచ్చినది అయిదు లక్షల నోటు. పట్టపగలు, కళ్ళద్దాలు పెట్టుకొని చేసిన పొరపాటు. అమ్మాయి అంతా చూచినది. ఒక్క మాట అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. ఆమె ఏదైనా అని ఉంటే మాకు కొంత తేలికయ్యేది.

హోయ్ ఆన్‌లో జపాను వంతెన ముందు నిలబడినప్పుడు ఆమె చేయి చాచి, ‘‘ఒక ఇరవై ఇవ్వండి’’ అన్నది. నోటు వెనుకవైపు తిప్పి వంతెనకు ఎదురుగా పట్టుకొన్నది. ఆ బొమ్మ ఆ వంతెనదే! ‘‘ఇరవై మీద వంతెన ఉంటుంది, అయిదు లక్షల మీద ఇల్లు ఉంటుంది. ముఖం చూడకూడదు, వెనుక చూడాలి. ఆ రాత్రే చూచి పెట్టుకొన్నాను’’ అన్నది. అక్కడే, జనం మధ్యనే, ‘‘మాఫ్ చెయ్యి బేటీ, నలుగురిలో అన్నాము, నలుగురిలోనే అడుగుతున్నాము’’ అన్నాము. ఆమె కళ్ళు తుడుచుకొని సంచి కోసం చేయి చాచినది.

తరువాత మజిలీలు త్వరగా గడిచాయి. థాప్ చామ్ స్టేషనులో దిగాము. ఆ పేరుకు ‘చామ్ గోపురం’ అని అర్థం. దగ్గరలోని కొండ మీద ఇటుకలతో కట్టిన పాత శివాలయం ఉన్నది. ఒకప్పుడు ఈ తీరాన్ని ఏలిన చామ్ జాతివారిలో బానీ అనే ముస్లిం సమాజం ఈ ప్రాంతంలో నివసిస్తున్నది. వారు ‘రమువాన్’ అనే మాసంలో ఇమాములే సమాజం తరఫున మసీదులో ఉండి ఉపవాసం పాటిస్తారు. మన పద్ధతి కాదు. కాని శతాబ్దాల ఏకాంతంలో కూడా ఆ పేరును వారు వదలలేదు. అమ్మాయి దీని గురించి రైలంతా ప్రశ్నలు వేసినది. జవాబులు సగమే తెలుసు. ప్రశ్నలు మళ్ళీ వచ్చినందుకే సంతోషించాము.

సైగాన్‌లో దోంగ్ దూ వీధి మసీదు 1935లో దక్షిణ భారత ముస్లింలు కట్టించినది. పుదుచ్చేరి, కారైకాల్ వంటి ఫ్రెంచి స్థావరాల నుండి ఎందరో అప్పట్లో ఈ నగరానికి వచ్చారు. మన యానాం కూడా నాటి ఫ్రెంచి స్థావరమే. మసీదు వెనుక భోజనశాలలో పదునాలుగు రోజుల తరువాత నిశ్చింతగా మాంసం తిన్నాము.

ఆ రాత్రి అమ్మాయి లెక్కలు ముగించి పుస్తకం మా ముందుంచినది. మొత్తం 63,900 రూపాయలు. మూడవనాటి పుటలో ఇలా ఉన్నది: ‘మామిడిపండ్లు, 5,00,000 డాంగ్. చాలా తియ్యగా ఉన్నాయి.’