చిట్టా, ఆవర్జా ఒకటే చెప్పవలెను

మన బజారులలోని మున్షీలు లెక్కను ముందు చిట్టాలో వ్రాసుకొని, తీరిక చిక్కినపుడు ఆవర్జాకు ఎక్కించేవారు. కంప్యూటరులోని ఫైల్ సిస్టమ్ చేసే పనియు ఇంచుమించు ఇదే. ప్రోగ్రాము వ్రాసినది మొదట మెమరీలోని పేజీ కాష్‌లో నిలుస్తుంది. డిస్కుకు చేరేది తరువాత. ఇది బఫర్డ్ వ్రాత. కొన్ని డేటాబేసులు చిట్టాను కాదని నేరుగా ఆవర్జాలోనే వ్రాస్తాయి. అందుకు లైనక్సులో ఓ_డైరెక్ట్ అనే గుర్తు కలదు.

ఒకే ఫైలును ఇద్దరు ఈ రెండు దారులలో వ్రాసినపుడే చిక్కు. ఆవర్జాలో కొత్త అంకె పడినది. చిట్టాలో పాతదే ఉన్నది. చదవ వచ్చిన వానికి చూపేది చిట్టాయే గనుక అతడు పాతదానినే నమ్ముతాడు. ఆ పుటలో మరొక అంకెను ఎవరైనా దిద్దితే మరీ ఘోరం; సాయంత్రం పుట మొత్తం ఆవర్జాకెక్కి కొత్త అంకెను తుడిచివేయగలదు.

నేరుగా వ్రాసే ముందు చిట్టాలో మిగిలినది డిస్కుకెక్కించి ఆ పుటను తొలగించడం దీనికి విరుగుడు. వ్రాత ముగిసిన పిదప మరల ఒకమారు తొలగించవలెను. నడుమ ఎవరైనా పాత ప్రతిని తెచ్చి ఉండవచ్చును. ఆ రెండవ తొలగింపు విఫలమైతే, డేటా చెడి ఉండవచ్చునని కెర్నెల్ ఒక హెచ్చరిక వ్రాసి ఊరకుంటుంది. దాచకపోవడం మెచ్చదగినదే. కాని ఆ హెచ్చరికను చదివేవారెందరు?

బీటీఆర్ఎఫ్ఎస్ కర్తలు ఇటీవల మరొక మార్గం త్రొక్కినారు. నేరుగా వ్రాస్తున్న సమయంలో ప్రోగ్రాము తన డేటాను మార్చితే, ముందే వేసిన చెక్‌సమ్ తప్పిపోతుంది. అందుచేత చెక్‌సమ్ ఉన్న ఫైళ్ళకు నేరు వ్రాతను అడిగినను బఫర్డ్ వ్రాతకే మళ్ళిస్తున్నారు. వేగం తగ్గునని వగచేవారున్నారు. తప్పు లెక్క త్వరగా వ్రాసిన మున్షీని ఏ సేఠు ఉంచుకొంటాడు? నేను ఈ మార్పు పక్షమే.

బఫర్డ్ దారి మాత్రం నిర్దోషమని కాదు. డిస్కుకెక్కించుటలో దోషం వస్తే ఎఫ్‌సింక్ ఒకమారు చెప్పి, మరల అడిగితే అంతయు క్షేమమనగలదని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వారికి 2018లో తెలియవచ్చినది. దోషం రాగానే ఆగిపోయి లాగ్ నుండి కోలుకొనునట్లు 2019లో వారు దానిని సవరించినారు.

మన విద్యార్థులు ఫైలులో వ్రాయు ప్రోగ్రామును నేర్చినారు; ఆ వ్రాత ఎక్కడ నిలిచినదో అడుగుట నేర్వలేదు. రేపు ఆసుపత్రి, బ్యాంకు లెక్కలు వీరి చేతికే వస్తాయి. ఒకే ఫైలును రెండు దారులలో వ్రాసి చూచుటకు ప్రయోగశాలలో రెండు పీరియడ్లు ఇప్పించవలసినదిగా కమిటీ పెద్దలకు మనవి. కొత్త యంత్రాలు అక్కరలేదు.