పరదేశమున పాఠము

మన విశ్వవిద్యాలయములలో ఒక ఆచార్యునకు విదేశమునుండి ఏడాదిపాటు బోధింప రమ్మని ఆహ్వానము వచ్చినచో, ఆయన విమానము ఎక్కుటకు ముందొక సన్మానమును, దిగిన పిదప మరియొక సన్మానమును జరుగుట పరిపాటి. శాలువ, పూలదండ, పత్రికలో ఛాయాచిత్రము, శాఖాధ్యక్షుని ప్రసంగము, అన్నియు యథావిధిగా నడచును. ఈ రెండు సభల నడుమ ఆయన అక్కడ ఎవరికి, ఏమి, ఏ విధముగా బోధించెనో అడుగువారు మాత్రము కానరారు. పీఠము గొప్పది గావున దానిపై కూర్చుండుటయే ఘనకార్యమని మన భావన. నా అభిప్రాయము వేరు: తాత్కాలికముగా పరదేశమున బోధించుటలోని సారమంతయు అక్కడి తరగతిగదిలో ఉన్నది, ఆ సారము ఇక్కడి తరగతిగదిలో ప్రవేశింపకుండ తలుపు వేసినది మనమే.

1926లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కలకత్తా విశ్వవిద్యాలయ ప్రతినిధిగా బ్రిటిషు సామ్రాజ్య విశ్వవిద్యాలయముల మహాసభకు వెళ్లిన ప్రయాణములోనే, ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో అప్టన్ ఉపన్యాసములను, అట్లాంటికు దాటి షికాగోలో హాస్కెల్ ఉపన్యాసములను ఇచ్చిరి. ఆక్స్‌ఫర్డులో చెప్పినవి మరుసటి యేడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ అను చిన్న గ్రంథముగా వెలువడినవి. భారతీయ తత్త్వశాస్త్రముపై ఆయన రచించిన బృహద్గ్రంథపు మొదటి సంపుటము అప్పటికే ప్రసిద్ధమై యుండెను. అది పండితుల బల్లమీది పుస్తకము. ఈ చిన్న పుస్తకమో, తత్త్వశాస్త్ర పరిచయము లేనివారుకూడ చదువగలిగినది. ఆ విశదత ఎచ్చటినుండి వచ్చినది? కర్మమనగా ఏమో, ఆశ్రమమనగా ఏమో పుట్టుకతో వినియెరుగని శ్రోతలు ఎదుట కూర్చుండుటచేతనే వచ్చినదని నేననుకొందును. మద్రాసులోనో మైసూరులోనో ఐనచో ఆ మాటలు వివరణ లేకయే సాగిపోయెడివి; శ్రోతలు తలలూపెడివారు; వక్తకును వాటిని మరల పరీక్షించుకొనవలసిన అగత్యము కలుగకపోయెడిది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపదవి ముగిసిన 1936లో ఆయన ఆక్స్‌ఫర్డున స్పాల్డింగ్ ఆచార్యపీఠమును స్వీకరించిరి. ఆ పీఠమును గూర్చి మనము తరచు చెప్పుకొందుము, ఆ శ్రోతలను గూర్చి చెప్పుకొనము.

నేడు మనవారికి ఎక్కువగా లభించునవి అమెరికా ఆహ్వానములు. అక్కడి సెమిస్టరు సుమారు పదిహేను వారములు. తాను స్వయముగా వ్రాసిన సిలబసును ఆచార్యుడు మొదటి దినముననే విద్యార్థుల ముందుంచవలెను: ఏ వారము ఏమి చదువవలెను, ఏ వ్యాసము ఎన్నడు ఈయవలెను, దేనికెన్ని మార్కులు, ఆలస్యమైనచో ఎంత కోత, అంతయు అందులో ఉండవలెను. ప్రశ్నలు కూర్చువాడాయనయే, గ్రేడు నిర్ణయించువాడాయనయే. వారమునకు కొన్ని గంటలు తన గది తలుపు తెరచియుంచి, వచ్చిన విద్యార్థితో ఓపికగా సంభాషింపవలసినవాడును ఆయనయే. తుదకు విద్యార్థులు తమ పేరు వ్రాయని పత్రములలో ఆయన బోధనపై తీర్పు చెప్పుదురు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ నిర్ణయించిన యూనిట్లను ఒకదానివెంట నొకటి పూర్తిచేయుచు, ఎవరో ఎక్కడో కూర్చిన ప్రశ్నపత్రమునకు విద్యార్థులను సిద్ధపరచుటలో ఇరువదియేండ్లు గడపిన మన ఆచార్యునకు ఈ స్వాతంత్ర్యము మొదట సంతోషమునకంటె భయమునే ఎక్కువ కలిగించును. ఈ పాఠమెందుకని ఎవరైన అడిగినచో, సిలబసులో ఉన్నది గనుక అని చెప్పుటకు వీలులేదు. ఆ సిలబసు వ్రాసినది తానే.

తెలుగు ఆచార్యుడొకడు ఆంగ్లానువాదముల సాయమున ప్రబంధసాహిత్యమును అక్కడ బోధింపబూనె ననుకొందము. నంది తిమ్మన పారిజాతాపహరణములో అలిగిన సత్యభామ శ్రీకృష్ణుని శిరస్సును కాలితో తన్నిన ఘట్టమును ఇక్కడి విద్యార్థికి పరిచయము చేయనక్కరలేదు. అతడు దానిని అమ్మమ్మ నోట వినెను, నాటకములోనో సినిమాలోనో చూచెను. గావున మనము నేరుగా నాయికాలక్షణములలోనికి దిగి, ఆ కోపమును అలంకారశాస్త్రమున ఏ గడిలో చేర్చవలెనో నిర్ణయించి తృప్తిపడుదుము. శ్రీకృష్ణుడెవరో తెలియని అయోవా విద్యార్థియో, మొదటనే అడుగును: ఈయన దేవుడా, భర్తయా? దేవుని తన్నినందులకు ఆమెకు శిక్ష లేదా? కవి ఎవరిని చూచి నవ్వుచున్నాడు? కావ్యమును అంకితము పొందిన శ్రీకృష్ణదేవరాయలు ఈ ఘట్టమును వినుచు ఏమనుకొనియుండును? ఇవి అజ్ఞానపు ప్రశ్నలు కావు. మనము బాల్యముననే అడుగుట మానిన ప్రశ్నలు. వీటికి సమాధానము వెదకుచు ఆచార్యుడు ఆ రాత్రి కావ్యమును మరల మొదటినుండి చదువుకొనును, బహుశః ఎం.ఏ. పరీక్ష తరువాత మొదటిసారిగా. అర్థశాస్త్రాచార్యునకును ఇదే గతి: చెరువు క్రింది ఆయకట్టునకు నీరటికాడు వంతులవారీగా నీరు విడుచు ఏర్పాటును, చెరువును కన్నులార చూడనివారికి చెప్పవలసివచ్చినప్పుడే, ఆ ఏర్పాటులో తనకే తెలియని చిక్కులెన్ని కలవో ఆయనకు బోధపడును.

ఈ ప్రయోజనమునకు వెల తక్కువ కాదు. అక్కడి విద్యాసంవత్సరము ఆగస్టు చివర మొదలై మే నెలలో ముగియును. మనది వేసవి సెలవుల పిదపనే మొదలగును గనుక, ఒక్క యేడాది ఆహ్వానము ఇక్కడి ఒక విద్యాసంవత్సరమునకు దాదాపు పూర్తిగా గండి కొట్టును. తరచుగా సెలవు జీతము లేని సెలవే. భార్య ఉద్యోగిని యైనచో ఆమెయు సెలవు పెట్టవలెను, లేదా పిల్లలతో ఒంటరిగా ఇల్లు నడుపుకొనవలెను. వెంట వెళ్లినను అక్కడ పనిచేయుటకు అనుమతిపత్రము కొరకు విడిగా దరఖాస్తు చేసికొని నెలల తరబడి ఎదురుచూడవలెను. సన్మానసభలో ఆమెకు మొదటి వరుసలో కుర్చీ వేయుదురు. ఆమె కోల్పోయిన ఏడాది సర్వీసును ఎవరును లెక్కింపరు. ఇక న్యూజెర్సీలోనో డాలసులోనో దిగినవారికి ఇంకొక ప్రమాదము కలదు: గోంగూర, ఆవకాయ, వారాంతపు విందులు, ఉగాది వేడుకలు, ఇన్ని చుట్టుముట్టగా పరదేశమున ఉంటిమన్న స్ఫురణయే లేక ఏడాది గడచిపోవచ్చును.

చిత్రమేమనగా, ఆచార్యుడు తిరిగి రావలెనన్న పట్టుదల ఆ దేశపు చట్టములలోనే ఉన్నది. యుద్ధానంతరము విదేశములలో మిగిలిపోయిన సైనిక సామగ్రిని అమ్మగా వచ్చిన ధనముతో విద్యావినిమయము జరుపవలెనని 1946లో ఫుల్‌బ్రైటు సెనేటరు చట్టము చేయించెను. 1950లో భారతదేశముతో ఒడంబడిక కుదిరినది. అట్టి ప్రభుత్వధనముతో జే-1 వీసాపై వెళ్లినవారు, ప్రత్యేక మినహాయింపు పొందిననే తప్ప, స్వదేశమున రెండేండ్లు నివసింపక అక్కడ హెచ్-1బీ ఉద్యోగమునకు గాని స్థిరనివాసమునకు గాని అర్హులు కారు. ఉభయదేశముల పన్నుల ఒప్పందము బోధనకై వెళ్లిన ఆచార్యుని వేతనమునకు రెండేండ్లవరకు అక్కడి ఆదాయపు పన్నునుండి విముక్తి నిచ్చును. బస రెండేండ్లు దాటెనా, సాధారణముగా ఆ విముక్తి మొదటి దినమునుండియే రద్దగును. ఈ నిబంధనలను మనవారు నిందింతురు. నాకు మాత్రము అవి న్యాయముగనే తోచును. పోయినవాడు ఏదో ఒకటి నేర్చి, నేర్చినదానితో మరల రావలెనన్నదే గదా వాటి అంతరార్థము.

వచ్చినవానిని మనమేమి చేయుచున్నాము? వార్షిక నివేదికలో ‘అంతర్జాతీయ అనుభవము’ అను శీర్షిక క్రింద ఒక పంక్తి చేర్చి, మరుసటి సోమవారము ఆయనను పాత యూనిట్ల వద్దకే పంపుచున్నాము. ఎనిమిది ప్రశ్నలలో ఐదింటికి జవాబు వ్రాయు ఆ పాత ప్రశ్నపత్రమే మరల ఆయన పాఠమును శాసించును. ఐచ్ఛికాంశముల పద్ధతి వచ్చినదని అందురుగాని, ఆ ఐచ్ఛికాంశపు సిలబసును గూడ సంఘమే వ్రాయును, మార్చవలెనన్నను సంఘమే కూడవలెను. 2015లో కేంద్రప్రభుత్వము ‘జ్ఞాన్’ అను పథకమును ప్రారంభించినది. విదేశాచార్యులను రప్పించి, వారు రూపొందించిన పాఠ్యక్రమములను ఒకటి రెండు వారములపాటు మన విద్యాలయములలో వారిచేతనే చెప్పించుట దాని పని. మంచి పథకమే. కాని అతిథిని నమ్మి ఈ స్వేచ్ఛ నీయగల విద్యాలయము, అదే విద్యను పరదేశమున చెప్పి మెప్పించి వచ్చిన తన ఆచార్యుని ఏల నమ్మజాలదో నాకు అర్థము కాదు.

పాఠము చెప్పినవాడే మార్కులు వేసినచో శిష్యపక్షపాతము తప్పదని పరీక్షల విభాగమువారు చెప్పుదురు. ఆ శంక నిరాధారము కాదు; అంతర్గత మార్కుల చరిత్ర అందరును ఎరిగినదే. ఐనను ప్రశ్నలను శాఖలోని సహాధ్యాపకుల ముందు పెట్టించుట, దిద్దిన పత్రములను విద్యార్థులకు తిరిగి ఇప్పించుట వంటి కట్టుబాట్లతో ఆ శంకను చాలవరకు తీర్పవచ్చును. తిరిగి వచ్చిన ప్రతి ఆచార్యునకు ఒక్క ఐచ్ఛికాంశము, తానే వ్రాసిన సిలబసు, తానే కూర్చిన ప్రశ్నలు, రెండు సంవత్సరముల గడువు: నేను కోరునది ఇంతియే. దీనికై విశ్వవిద్యాలయ చట్టమును సవరింప నక్కరలేదు. అకడమిక్ కౌన్సిలు ఒక సమావేశములో చేయదగిన తీర్మానమిది.