ఏ ఇబ్రహీంపట్నం?

2007 డిసెంబర్ చివరి వారం. నేను ఇంజినీరింగ్ సెకండియర్. సెలవులకి దేవరకొండ వచ్చాను. టీవీలో ఒకటే వార్త: ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో బీఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. మా నాయిన అన్నం ముందు నుంచి చెయ్యి కడుక్కోకుండానే లేచి టీవీ సౌండు పెంచాడు.

దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సు ఎక్కినవాళ్లెవరికైనా ఇబ్రహీంపట్నం తెలుసు. కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం దాటితే ఇబ్రహీంపట్నం. అప్పటికే ఆ రోడ్డుకు రెండుపక్కలా ఇంజినీరింగ్ కాలేజీలు, ఫార్మసీ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్లు. మా చెల్లె అప్పుడు ఇంటర్ సెకండియర్ బైపీసీ. వచ్చే ఏడు అటువైపే ఏదో ఒక కాలేజీలో చేరాలి.

హత్య జరిగింది ఆ ఇబ్రహీంపట్నంలో కాదు. విజయవాడ పక్కన, కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నంలో. రెండిటికీ మధ్య రెండువందల కిలోమీటర్ల పైనే దూరం. ఆ ముక్క నాకు రెండోరోజే తెలిసింది. మా వాడకట్టులో చాలామందికి నెలరోజులైనా తెలియలేదు. తెలిసినవాళ్లు కూడా పట్టించుకోలేదు. "ఏ ఇబ్రహీంపట్నమైతే ఏంది, హాస్టలు హాస్టలే గద" అన్నది మా మేనత్త. పుకారుకి అడ్రసు అక్కర్లేదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. కాలేదు. ఎందుకో కింద చెప్తాను.

ఈ వ్యాసంలో నేను ఆ అమ్మాయి పేరు రాయను. మీ అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లుగా పేపర్లూ టీవీలూ ఆ పేరుతోనే కేసుని పిలుస్తున్నాయి. కానీ అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదని భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ ఉండేది. చనిపోయినవాళ్లకీ అదే వర్తిస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో ప్రచారంలో ఉన్న 'అసలు నిందితుల' పేర్లు కూడా రాయను. ఒక్క పేరు మాత్రం రాస్తాను. సత్యంబాబు. ఆ పేరు పక్కన 'నిర్దోషి' అన్న మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే కాబట్టి.

ముందు కోర్టు రికార్డులో ఉన్నది చెప్పుకుందాం. హత్య బయటపడింది 2007 డిసెంబర్ 27న. పోలీసులు మొదట ఇంకొందర్ని పట్టుకున్నారు, వదిలారు. 2008 ఆగస్టులో నందిగామ దగ్గరి పల్లెటూరికి చెందిన సత్యంబాబు అనే దళిత యువకుణ్ని అరెస్టు చేసి, ఇతనే హంతకుడన్నారు. అంతమంది అమ్మాయిలున్న హాస్టల్లోకి రాత్రిపూట ఒక్కడే దూరి, చంపి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయాడన్నది వాళ్లు చెప్పిన కథ. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ఆ కథ నమ్మలేదు. ఈ పిల్లాడు కాదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు. అయినా 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. సత్యంబాబు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్యలు తీసుకోమంది. జైల్లో గడిచిన ఏళ్లకి లక్ష రూపాయలు. భాగించి చూడండి, రోజుకెంత పడుతుందో.

2018లో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి, ఎముకలకు మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఇంతవరకూ ఆ హత్యకి శిక్షపడి, పై కోర్టులోనూ నిలబడ్డ దోషి ఒక్కడూ లేడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పద్దెనిమిదేళ్లలో ఈ కేసు గురించి నేను మాట్లాడిన ప్రతి మనిషీ, రూమ్మేట్ల దగ్గర్నుంచి ఆఫీసులో టీం లీడ్ దాకా, ఒక మాట అన్నారు: "ఎవరు చంపిన్రో అందరికీ తెలుసు." అడిగి చూడండి. ఒక పెద్దమనిషి కుటుంబం పేరు వస్తుంది. ఎట్లా తెలుసంటే, అందరూ అంటారు. అందరూ అంటే ఎవరు? మళ్లీ మొదటికి.

సత్యంబాబు కేసులో పోలీసులు చేసింది సరిగ్గా ఇదే కదా! ముందు పేరు, తర్వాత కథ, ఆ తర్వాత కథకి సరిపోయే సాక్ష్యం. హైకోర్టు కొట్టేసింది ఆ పద్ధతిని. మనం తీర్పుకి చప్పట్లు కొట్టి, ఆ పద్ధతినే వేరే పేరు మీద వాడుకుంటున్నాం. ఒకడు దోషి కాదని తేలితే ఇంకొకడు దోషి అని తేలినట్టు కాదు. ఇంటర్ లాజిక్ గేట్లు చదివినవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. నేను ఆ పెద్దమనుషుల్ని వెనకేసుకు రావట్లేదు. వాళ్లు దోషులో కాదో చెప్పగలిగింది సాక్ష్యం ఒక్కటే. ఆ సాక్ష్యం ఏమైందో అడిగినవాళ్లెంతమంది?

ఏమైందో వినండి. మళ్లీ దర్యాప్తు మొదలయ్యాక తెలిసింది, విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఈ కేసు వస్తువులు ధ్వంసమైపోయాయని. ఆ ధ్వంసం మీద సీబీఐ ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది. సమాధి తవ్వాల్సినంత దూరం వచ్చిన కేసులో ఉన్న సాక్ష్యాన్ని కూడా దక్కించుకోలేకపోయాం. ఇంతకంటే ఘోరం ఈ కేసులో హత్య ఒక్కటే. మరి చాయ్ హోటల్లో దీని గురించి ఎవరన్నా మాట్లాడగా విన్నారా? నేను వినలేదు. కోర్టు స్టోర్ రూమ్ గురించి మాట్లాడితే కిక్కేముంటుంది? అందులో మంత్రుల్లేరు, ప్రేమల్లేవు, కారు నంబర్లు లేవు.

నేను పనిచేసే రంగంలో సర్వర్ కూలిపోతే తర్వాత ఒక రిపోర్టు రాస్తాం. దాన్ని కూడా పోస్టుమార్టం అనే అంటాం. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగి, పదిమంది కాల్‌లో చేరగానే ప్రతివాడి నోట్లో ఒక పేరు ఉంటుంది: 'ఫలానావాడు నిన్న కోడ్ మార్చాడు, వాడే.' అనుభవమున్న సీనియర్ ఎవరైనా ముందు చెప్పేది ఒకటే. పేర్లు ఆపండి, లాగ్స్ జాగ్రత్త చెయ్యండి. ఎందుకంటే పేరు రేపు కూడా దొరుకుతుంది. లాగ్స్ దొరకవు. అమ్మకాల వెబ్‌సైట్ గంట ఆగిపోతే పాటించే ఈపాటి క్రమశిక్షణ, ఆడపిల్ల హత్య జరిగితే మనకు లేదు.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "జనం మాట్లాడకపోతే ఈ కేసు ఎప్పుడో మూసేసేవాళ్లు. సత్యంబాబు ఇంకా జైల్లోనే ఉండేవాడు." నిజం. కానీ ఏ మాట పనిచేసిందో చూడండి. ఆ తల్లి ఇన్నేళ్లూ అన్నదేమిటి? ఈ అబ్బాయి కాదు, మళ్లీ దర్యాప్తు చేయండి. మహిళా సంఘాలు, హక్కుల సంఘాలు అడిగిందేమిటి? అదే. తల్లికి అనుమానాలు లేవా? ఉన్నాయి, బయటికి చెప్పింది కూడా. కన్నతల్లికి ఆ హక్కుంది. కానీ కోర్టులో తలుపు తెరిచింది ఆ అనుమానం కాదు, పోలీసుల కథలో చిల్లులు చూపించిన ప్రశ్న. ప్రశ్న వ్యవస్థని నిద్రలేపుతుంది. పుకారు వ్యవస్థకి సాకు ఇస్తుంది. 'ఇంత అలజడి ఉంది, ఎవర్నో ఒకర్ని చూపించండి' అనే ఒత్తిడిలో చేతికి దొరికేది ఎప్పుడూ పెద్దమనిషి కొడుకు కాడు. నందిగామ పక్క పల్లెలో దిక్కులేనివాడే.

మన పుకార్లకి ఇంకో జబ్బు ఉంది. వాటిలో రెండే కథలు ఉంటాయి. ఒకటి పెద్దోళ్ల పిల్లల కథ. రెండోది 'లేచిపోయింది' కథ. రెండోదాని ఖరీదు చూడాలంటే మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే హాజీపూర్ ఉంది. 2019 ఏప్రిల్‌లో స్పెషల్ క్లాసు నుంచి ఇంటికొస్తూ మాయమైన పద్నాలుగేళ్ల పిల్ల శవం ఊరి పక్క పాడుబడ్డ బావిలో దొరికింది. తర్వాత అలాంటి బావుల్లోనే ఇంకో ఇద్దరు దొరికారు. ఒకరు నెలన్నర ముందు కనపడకుండా పోయిన డిగ్రీ విద్యార్థిని, ఇంకొకరు 2015లో పోయిన పదకొండేళ్ల పాప. ఆ డిగ్రీ అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందనుకున్నారు. అందుకే ఫిర్యాదు కూడా లేదు. నేను ఆ ఇంటివాళ్లని అనట్లేదు. పరువు పోతుందని నోరు నొక్కుకునేలా వాళ్లని తయారుచేసింది ఊళ్ల మాట. ఆడపిల్ల కనపడకపోతే మన నోటికి మొదట వచ్చే కథ అది కాకపోయుంటే, ఆ నెలన్నరలో ఎవరో ఒకరు బావుల్లోకి తొంగిచూసేవాళ్లేమో. మూడో పిల్ల బతికేదేమో. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. పుకారుకి ఏ కోర్టూ శిక్ష వెయ్యలేదు.

చదువు పెరిగితే ఇదంతా తగ్గుతుందనుకునే మిత్రులకి ఒక ఉదాహరణ. 2022 నవంబర్ 13న అమెరికాలో ఐడహో రాష్ట్రం మాస్కో ఊళ్లో నలుగురు విద్యార్థుల్ని పొడిచి చంపారు. నిందితుణ్ని పట్టుకునేలోపు ఇంటర్నెట్ డిటెక్టివులు చనిపోయినవాళ్ల స్నేహితుల్ని, ఇరుగుపొరుగుల్ని ఒక్కొక్కర్నే హంతకుల్ని చేశారు. కార్డులు చూసి జోస్యం చెప్పే ఒకావిడ, ఆ యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ప్రొఫెసరే చేయించిందని వీడియోలు పెట్టింది. ఆ ప్రొఫెసర్ పరువునష్టం దావా వేయాల్సి వచ్చింది. చివరికి డిసెంబర్ నెలాఖరులో దొరికినవాడు పక్క యూనివర్సిటీలో క్రిమినాలజీ పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. కత్తి ఒర మీద దొరికిన డీఎన్ఏ, కారు కదలికలు, ఫోన్ రికార్డులు పట్టించాయి. 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు. అన్ని లక్షల వీడియోలు చేయలేని పని ఒక తోలు ఒర చేసింది. ఎందుకంటే దాన్ని ఎవరో జాగ్రత్త చేశారు.

మన దగ్గర తొందర ఇంకో రూపంలో కూడా చూశాం. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగుర్ని పోలీసులు కాల్చేస్తే జనం పూలు చల్లారు. నేనూ ఆ పొద్దున ఆఫీసులో స్వీట్ తిన్నాను. దాచను. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కాల్పుల కథ కల్పితమంది, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లంది. తెనాలిలో సమాధి తవ్వింది కూడా ఆ నెలలోనే. ఒకచోట సమాధానం కోసం పన్నెండేళ్ల తర్వాత ఎముకలు ఏరుకుంటున్నాం, ఇంకోచోట సమాధానం చెప్పగలిగినవాళ్లనే లేకుండా చేసి పూలు చల్లుతున్నాం. రెండూ ఒకే జబ్బు.

స్వీట్ సంగతి చెప్పాను కాబట్టి మిగతాది కూడా చెప్పేస్తాను. ఆ 2007 సెలవుల్లో మా నాయినకి హాస్టళ్ల గురించి 'లోపలి సంగతులు' చెప్పింది నేనే. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకుని, హైదరాబాద్ చూసినోణ్ని. మా హాస్టల్లో విన్నవన్నీ, ఎవరొస్తారు, ఎవరు పోతారు, వార్డెన్లు ఏం చేస్తారు అని కళ్లారా చూసినట్టు చెప్పాను. ఒక్కటీ నేను చూసింది కాదు. ఇబ్రహీంపట్నం అది కాదని తెలిసి కూడా, ఆ మాట పదేపదే చెప్పి ఒప్పించాల్సింది పోయి, ఒకసారి అని ఊరుకున్నాను. కథ రంజుగా సాగుతుంటే అడ్రసు సరిచేయడానికి మనసొప్పలేదు.

మా చెల్లె ఫార్మసీ చదవలేదు. దేవరకొండలోనే డిగ్రీలో చేర్పించారు. సెకండియర్‌లో పెళ్లి చేశారు. "గా హాస్టళ్ల సంగతి నీ అన్ననే చెప్పె గదనే" అన్నాడట నాయిన. తను నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. తన బతుకు బాగానే ఉంది, నేను దాన్ని ట్రాజెడీ చేయబోను. కానీ ఆ ఏడు మా వైపు ఇలా ఎన్ని ఇళ్లల్లో ఎన్ని అప్లికేషన్లు చించారో ఎవరు లెక్కపెట్టారు? హంతకుడు ఒక అమ్మాయిని చంపాడు. మిగతా అమ్మాయిల చదువులు మన నోళ్లు ఆపాయి.

అందుకే అడుగుతున్నాను. రేపు ఇంకో ఊళ్లో ఇంకో కేసు వస్తుంది. అప్పుడు "ఎవరు చంపారు" అనే ముందు మూడు అడగండి. పంచనామా ఎప్పుడు చేశారు? నమూనాలు ల్యాబుకి ఎప్పుడు పంపారు? ఇప్పుడు ఎక్కడున్నాయి? ఇవి ఎవరి మీదా నింద వేయవు. కానీ నేరం చేసినవాడు ఎంత పెద్దోడైనా ఇవంటేనే భయపడాలి. పుకారుకి వాడు భయపడడు. పుకారు వందమంది మీద పడుతుంది, వాడు ఆ వందలో ఒకడు అవుతాడు. వాడికి అంతకంటే ఏం కావాలి?

మా చెల్లె కూతురు ఇప్పుడు టెన్త్. మొన్న సంక్రాంతికి పోతే టీవీలో ఏదో హాస్టల్ వార్త వస్తోంది. ఇంట్లో అప్పుడే ఒకరిద్దరు మొదలుపెట్టారు, ఆ పిల్లకి ఎవరితోనో ఉండే ఉంటుందని. మా చెల్లె వంటింట్లోంచి తల బయటపెట్టి ఒక్కటే అడిగింది.

"ఏ ఊరది? ముందు సక్కగ జూసి చెప్పుండ్రి."

నేను రిమోట్ తీసుకుని సౌండు తగ్గించాను.