ఒళ్ళునొప్పికి మందు

మన భాషలో ఒక చిత్రమైన మాట ఉన్నది. జ్వరం తగ్గించేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. ఏది ఏ మందో సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది, నిఘంటువు అక్కరలేదు. ఇన్నాళ్ళూ దీన్నొక భాషాచమత్కారంగానే భావిస్తూ వచ్చాను. చిరాగ్‌పల్లిలో గడిపిన ఒక ఉదయం తరువాత ఇది చమత్కారం కాదనీ, మనమందరం కలిసి ఆడుతున్న ఒక అబద్ధమనీ తోచింది.

చిరాగ్‌పల్లి తెలియనివారికి నాలుగు మాటలు. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే రహదారి మీద, జహీరాబాదు దాటిన తరువాత, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరది. ఆ రహదారిని ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 65 అంటున్నారు. ఊరు కూడా మెదక్ జిల్లా నుండి 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. లారీలవాళ్ళకు మాత్రం ఏ నంబరైనా, ఏ జిల్లా అయినా అది సరిహద్దు చెక్‌పోస్టు ఊరే. జహీరాబాదు ప్రాంతంలో చెరకు, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. పంట చేతికొచ్చే రోజులలో మోసేవారికి, ఎత్తేవారికి, దించేవారికి చేతినిండా పని ఉంటుంది.

ఒక చలికాలపు ఉదయం అక్కడ రోడ్డు పక్కన టీ కోసం ఆగాను. నలభై అయిదేళ్ళ హమాలీ ఒకాయన గొంతుకూర్చుని టీ తాగుతున్నాడు. తాగడం అయ్యాక లేవబోయి లేవలేకపోయాడు. రెండు అరచేతులూ తొడల మీద మోపి, తన శరీరాన్ని తానే ఒక బస్తాలాగా పైకెత్తుకున్నాడు.

"ఏమైందన్నా, మోకాళ్ళ నొప్పులా?" అన్నాను.

"మోకాళ్ళు గావు సారూ, తొడలు. తొడలు, భుజాలు ఒకటే గుంజుడు. దినమంతా మోస్తె గట్లనే ఉంటది. రాత్రి ఇంత మందు పడితేనే పెయ్యి మాట ఇంటది."

"రాత్రి తాగావా మరి?"

"తాగకుంటె పొద్దుగాల లేస్తనా?"

ఆయన లేవడానికి పడిన అవస్థ అప్పుడే నా కళ్ళారా చూశాను. ఆ మాటకూ, ఆ దృశ్యానికీ పొత్తు కుదరలేదు. టీ కొట్టులో ఉన్నవారెవ్వరికీ అది వింతగా తోచలేదు. "పాపం, కష్టజీవి" అన్నట్టు తలలూపారు. సంగతి చెప్పాలంటే, ఆ క్షణాన నేనూ ఊపాను.

ఇందులో నన్ను నేను మినహాయించుకోను. చాలా ఏళ్ళ క్రితం బంధువుల పెళ్ళి బారాత్‌లో మిత్రులతో కలిసి మోతాదు మించి పుచ్చుకున్నాను. మరునాడు పిక్కలు పట్టేశాయి, వీపు మొద్దుబారింది, మెట్లు దిగుతుంటే తొడలు మొరాయించాయి. తలనొప్పికి మాత్రం మద్యాన్ని నిందించి, ఒళ్ళునొప్పులకు డాన్సును నిందించాను. నిజానికి ఆ రాత్రి నేను ఆడింది పది నిమిషాలు కూడా కాదు. చిరాగ్‌పల్లి నుండి వచ్చాక వైద్యుడైన మిత్రుడొకరిని అడిగి, ఆయన చదవమన్నవి చదివాను. నేను వైద్యుణ్ణి కాను. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

మద్యం తాగితే శరీరంలో నీటిని నిలిపి ఉంచే ఒక హార్మోను అణగిపోతుంది. తాగినదానికంటే ఎక్కువ నీరు మూత్రంగా పోతుంది. వాంతులైతే ఇంకొంత పోతుంది. నీటితోపాటు పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలూ పోతాయి. కండరం ముడుచుకోవడానికి, తిరిగి సడలడానికి అవే ఆధారం. పిక్కలు పట్టేయడానికి ఇదొక కారణం. నిద్ర మరొకటి. తాగినవాడు త్వరగా నిద్రపోతాడు గాని రాత్రి రెండో సగంలో ఆ నిద్ర ముక్కలైపోతుంది. అలసిన కండరం తనను తాను బాగుచేసుకునే సమయం అలా పాడవుతుంది.

అసలు దెబ్బ ఇంకా లోపల ఉంది. కష్టం చేసినప్పుడు కండరపు పోగులు కొద్దికొద్దిగా చిట్లుతాయి. తిన్న తిండితో శరీరం వాటిని మళ్ళీ కట్టుకుంటుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు 8 మంది యువకులతో కఠిన వ్యాయామం చేయించి, తరువాత బాగా మద్యం తాగించి, తొడ కండరం నుండి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. మద్యంతోపాటు పిండిపదార్థం తీసుకున్నప్పుడు కొత్త కండరాన్ని కట్టుకునే పని 37 శాతం తగ్గింది. మంచి మాంసకృత్తులు ఇచ్చినా 24 శాతం తగ్గింది. పగలంతా మోసి రాత్రి తాగే మనిషి విషయంలో దీని అర్థమేమిటో ఆలోచించండి. పగలు గోడ కూలుతోంది, రాత్రి తాపీమేస్త్రీ పనికి రావడం లేదు.

ఏళ్ళ తరబడి తాగితే ఇది నొప్పితో ఆగదు. 1989లో బార్సిలోనా వైద్యులు తాగుడుకు అలవాటుపడిన 50 మంది పురుషులను పరీక్షిస్తే దాదాపు సగం మంది కండరాలలో జబ్బు జాడలు కనిపించాయి. జీవితంలో తాగిన మొత్తం పెరిగినకొద్దీ బలం తగ్గుతూ వచ్చింది. మొట్టమొదట సన్నగిల్లేవి వేగంగా, బలంగా ముడుచుకునే పోగులు. అంటే బరువెత్తేవి. బలహీనత ఎక్కువగా తుంటి, తొడ, భుజాల దగ్గర తెలుస్తుంది. గొంతుకూర్చున్న మనిషి చేతుల సాయం లేకుండా లేవలేకపోవడం దాని గుర్తులలో ఒకటి. చిరాగ్‌పల్లి హమాలీకి ఉన్నది అదేనని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఆయన తొడల మీద చేతులు మోపిన తీరు చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు నిలిచింది.

ఇదంతా పాశ్చాత్యులు కనిపెట్టిన కొత్త సంగతి అనుకునేవారికి ఒక మాట. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో పానాత్యయం గురించి, అంటే మితిమీరిన మద్యపానం వల్ల కలిగే రోగం గురించి, ఒక అధ్యాయమే ఉంది. వాతప్రధానమైన పానాత్యయానికి చెప్పిన లక్షణాలలో తలనొప్పితోపాటు శరీరం బిగుసుకుపోవడం, అంగమర్దం, పొడిచినట్టుండే నొప్పి, వణుకు ఉన్నాయి. అంగమర్దమంటే ఒళ్ళంతా నలిపినట్టు నొప్పి. మన పూర్వులు ఒళ్ళునొప్పిని మద్యానికి ఫలంగా లెక్కించారు. మనం మద్యాన్ని ఒళ్ళునొప్పికి మందుగా లెక్కిస్తున్నాం. ఎవరిది వెనుకబాటుతనమో మీరే చెప్పండి.

"మరి తాగితే నొప్పి తగ్గుతుంది కదా" అంటారు. తగ్గుతుంది, కాసేపు. మద్యం నరాలను మందగింపజేస్తుంది గనుక నొప్పి తెలియదు. తెల్లవారి ఆ నొప్పి మరికొంత నొప్పిని వెంటబెట్టుకుని తిరిగి వస్తుంది. సాయంత్రం దానికోసం మళ్ళీ సీసా. అప్పుకు వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేసినట్టు. పైగా ఉదయాన నొప్పి మాత్ర ఒకటి. తాగుడు అలవాటున్న మనిషికి పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు, డైక్లోఫినాక్ వంటివి కడుపుకూ మూత్రపిండాలకూ ముప్పు.

తెలంగాణలో ఈ వలయానికి మరో ముడి ఉంది, కల్తీ కల్లు. చెట్టు కల్లు చాలక, నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తు పదార్థాలు కలిపి కల్లు పేరుతో అమ్మడం ఎన్నో ఏళ్ళుగా సాగుతున్నది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం దాని మీద విరుచుకుపడినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలాది మంది వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమణంతో ఆసుపత్రుల పాలయ్యారు. ఈ మత్తుకు అలవాటుపడిన శరీరం అది అందని రోజున బిగుసుకుంటుంది, కండరాలు లాగేస్తాయి, నొప్పులు పుడతాయి. "కల్లు పడకపోతే ఒళ్ళు నొస్తది" అన్న మాట కొందరి నోట అక్షరాలా నిజం. ఆ నొప్పి పుట్టింది పొలంలో కాదు, కల్లు దుకాణంలో. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించారు, మూత్రపిండాలు దెబ్బతిని మరికొందరు ఆసుపత్రులలో చేరారు. వారిలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవారే.

ఇక నా అభిప్రాయం. "పాపం, కష్టజీవి, తాగనీ" అన్న మన జాలి పచ్చి క్రూరత్వం. ఆఫీసులో కూర్చుని పనిచేసే నాబోటివాడికి కండరం పోతే మెట్లు కష్టమవుతాయి, లిఫ్టు ఎక్కుతాను. హమాలీకి కండరమే ఆస్తి, అదే పొలం, అదే బ్యాంకు ఖాతా. ఆ ఆస్తిని రోజుకింత కరిగించేదాన్ని ఆ ఆస్తికే మందు అని నమ్మించాం. నమ్మించినవారిలో కూలితోపాటు "మందు ఖర్చులు" ఇచ్చే యజమాని ఉన్నాడు. సెలవు ఇవ్వడం కంటే సీసా ఇవ్వడం ఆయనకు చవక. మద్యం మీద వచ్చే రాబడిని నమ్ముకున్న ప్రభుత్వాలున్నాయి. తాగి చిందేసే కష్టజీవిని తెరమీద చూసి ఈలలు వేసిన మనమూ ఉన్నాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తివేశారు. ఆ స్త్రీలు అడిగింది కూలి డబ్బులు ఇంటికి చేరాలని, ఒంటిమీద దెబ్బలు ఆగాలని. అది న్యాయమే. దానికి నేను చేర్చదలచింది ఒక్కటే. కూలి డబ్బులే కాదు, కూలి చేసే బలం కూడా ఆ దుకాణంలోనే ఖర్చవుతోంది. సీసా మీద ఆరోగ్యానికి హానికరమని రాసి ఉంటుంది. ఆరోగ్యమంటే కాలేయమనీ, అది ఎప్పుడో ముసలితనంలో చెడుతుందనీ మనవాళ్ళ నమ్మకం. "తాగితే బరువెత్తలేవు" అని రాసి ఉంటే చదవగలిగిన ప్రతి హమాలీకీ అది తన సంగతేనని అర్థమయ్యేది.

నిషేధం రావాలా వద్దా అన్న వాదానికి నేను దిగడం లేదు. తాగేవారిని నీతి పాఠాలతో వేధించమనీ అనను. వారికి కావలసినది విశ్రాంతి, తిండి, నిజం. మూడోది ఇవ్వడానికి మనకు ఖర్చేమీ లేదు. మీ ఇంటికి గ్యాసుబండ మోసుకొచ్చే మనిషి ఒళ్ళునొప్పులంటే, పని గురించే కాదు, తాగుడు గురించి కూడా గౌరవంగా అడగండి. బాగా తాగి, ఒకే పక్కన కదలకుండా పడి నిద్రపోయి, తెల్లవారి కండరాలు వాచి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నలిగిన కండరం నుండి వెలువడే పదార్థం మూత్రపిండాలను మూసివేయగలదు. ఏళ్ళుగా రోజూ తాగేవారిని మాత్రం "రేపటి నుండి మానెయ్" అని ఒక్కసారిగా ఆపించకండి. మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

ఒక మంచి మాట కూడా ఉంది. కాలేయం పూర్తిగా గట్టిపడితే మళ్ళీ మునుపటిలా కావడం అరుదు. కండరం అలా కాదు. తాగుడు మానితే కొన్ని నెలల నుండి ఏడాది లోపల చాలామందిలో బలం గణనీయంగా తిరిగి వస్తుంది. చిరాగ్‌పల్లిలో ఆ ఉదయం నాకు ఈ సంగతి తెలిసి ఉంటే, తల ఊపి ఊరుకోకుండా, టీ డబ్బులిచ్చి కారెక్కకుండా, ఆయన పక్కన మరో అయిదు నిమిషాలు కూర్చునేవాణ్ణి. "అన్నా, నీ తొడల్లో బలం ఇంకా పోలేదు, మళ్ళీ వస్తుంది" అని చెప్పేవాణ్ణి. చెప్పలేదు. ఆ వెలితి కొంత తీరుతుందేమోనని ఇది రాశాను.

మద్యానికి మందు అన్న పేరు ఎవరు పెట్టారో గాని, నా మటుకు నేను ఆ మాట వాడడం మానేశాను. సారా, కల్లు, బ్రాందీ, విస్కీ, దేని పేరు దానికుంది. మీ ఊళ్ళో దీన్ని ఏమంటారో చెప్పండి. మందు కాని పేరు ఏదైనా సరే, సంతోషంగా స్వీకరిస్తాను.