మందు ఇంటికొచ్చింది, కూలి రాలేదు!



మీ ఇళ్ళు ఇరుకు కాబట్టే మీకు క్షయ వస్తోందని పెద్దమనుషులు మనకు చెబుతూనే ఉన్నారు. ఆ ఇరుకు ఎవరు పెట్టింది? కోయంబత్తూరులో 1888లో మొదటి నూలుమిల్లు, మదురైలో 1892లో హార్వీల మిల్లు. 1930లలో పైకారా కరెంటు వచ్చాక కోయంబత్తూరు నిండా మిల్లులే. కదుళ్ళకు విశాలమైన షెడ్డు వేశారు. కదురు దగ్గర నిలబడే మనిషికి చాలాచోట్ల మిగిలింది గాలాడని ఒంటిగది, అందులో ఇల్లంతా. దగ్గినప్పుడు బయటికొచ్చే క్షయ క్రిమికి అంతకన్నా ఏం కావాలి? యజమానుల్లో మన తెలుగువాళ్ళూ తక్కువేం కాదు. భాష ఒకటైనంత మాత్రాన గదికి కిటికీ రాలేదు.

ఆ రోజుల్లో వైద్యమంటే శానిటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో, తాంబరంలో 1928లో తెరిచారు. క్రిమిని చంపే మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి. రోజుకూలీకి విశ్రాంతి అంటే ఇంట్లో పస్తు.

1956లో మద్రాసులో 193 మంది పేద రోగుల మీద పరీక్ష మొదలైంది. కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇరుకిళ్ళలోనే ఏడాది పాటు అవే మందులిచ్చారు. 1959లో ఫలితం చెప్పారు: ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే నయమైంది. వాళ్ళ ఇంటివాళ్ళకు ఎక్కువగా అంటుకోనూ లేదని తర్వాత తేలింది. ప్రపంచమంతా ఈ దారి పట్టింది. మంచిదే. కాని సర్కారూ యాజమాన్యాలూ ఇందులో తమకు చవకైన ముక్కే ఏరుకున్నాయి: మంచం అక్కర్లేదు, ఇంటికి పంపండి! ఇంటికి కూలి పంపే మాట ఎత్తలేదు.

తిండితో పని లేదని ఆ పరీక్షే తేల్చింది కదా అని వాదించేవాళ్ళున్నారు. అది తేల్చింది మందు నయం చేస్తుందని, ఆకలి రోగం తేదని కాదు. జార్ఖండ్‌లో రోగుల ఇంటివాళ్ళకు తిండి సరుకులిచ్చి చూస్తే కొత్త క్షయ కేసులు దాదాపు 40 శాతం తగ్గాయని 2023లో వెల్లడైంది.

ఈ.ఎస్.ఐ.లో 91 రోజుల జబ్బు భత్యం దాటాక, క్షయ రోగికి జీతంలో 80 శాతం రెండేళ్ళ దాకా ఇచ్చే ఏర్పాటుంది. కాని రెండేళ్ళ ఎడతెగని ఉద్యోగం చూపాలట! ఏటా పేరు మార్చి రాసుకునే కాంట్రాక్టు కూలీ ఎక్కడ చూపగలడు? మిల్లు హాస్టల్లో దగ్గు వినబడగానే పెట్టె సర్దించి ఊరికి పంపేసిన పిల్ల ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

ఆ రెండేళ్ళ షరతు ఎత్తేయాలి. హాస్టల్ గదికి ఇంతమందే అని కట్టడి పెట్టాలి, గాలి వెలుతురు యూనియన్ ముందు తనిఖీ చేయాలి. మూడో వారంలోకి దగ్గు సాగితే దూది దుమ్మేలే అని ఊరుకోకండి, కఫం పరీక్ష చేయించుకోండి. డాక్టరు చీటీ, ఈ.ఎస్.ఐ. కార్డు పట్టుకుని షిఫ్టు దిగగానే మన ఆఫీసుకు రండి. చీటీ లేకున్నా రండి.